రాణి కిరీటం కోసం బడి మానేసిన ఊరు

1969లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం, క్రిస్టల్ సిటీ హైస్కూల్లో ఒక నిబంధన గొడవ రేపింది. పూర్వ విద్యార్థుల సంఘం ఏటా ఎన్నుకునే హోమ్‌కమింగ్ రాణి పోటీకి నిలబడాలంటే, ఆ అమ్మాయి తల్లో తండ్రో అదే హైస్కూల్లో చదువు పూర్తిచేసి ఉండాలన్నది ఆ నిబంధన. అందులో జాతి మాట లేదు, రంగు మాట లేదు. పైకి చూస్తే బడి మీద అభిమానంతో పెట్టుకున్న ముచ్చటలాగే ఉంటుంది.

ఆ ఊరి సంగతి తెలిస్తే తప్ప దాని అసలు రూపం కనబడదు. మెక్సికో సరిహద్దుకు దగ్గరలో ఉన్న క్రిస్టల్ సిటీ పాలకూర పంటకు పేరుమోసింది. పాలకూర తిని బలం తెచ్చుకునే కార్టూన్ వీరుడు పపాయ్‌కి 1937లోనే విగ్రహం పెట్టుకున్న ఊరది. పొలాల్లో, కూరగాయల్ని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు దాదాపు అంతా మెక్సికన్ అమెరికన్లు. ఊరి జనంలో నూటికి ఎనభై మందికి పైగా వాళ్లే. భూములు, బ్యాంకు, స్కూలు బోర్డు మాత్రం తెల్లవాళ్ల చేతుల్లో ఉండేవి. వసంతం రాగానే కూలి కుటుంబాలు పిల్లాజెల్లాతో ట్రక్కులెక్కి షుగర్ బీట్ చేలలో పనికి ఉత్తరాది రాష్ట్రాలకు వలసపోయేవి. మళ్లీ ఊరు చేరేసరికి బడులు తెరిచి వారాలు గడిచిపోయేవి. అలా పెరిగిన తరంలో హైస్కూలు చివరిదాకా చదివి పట్టా పుచ్చుకున్నవాళ్లు బహు కొద్దిమంది. కాబట్టి తల్లిదండ్రుల పట్టా అడగడమంటే, బడి నిండా ఉన్న ఆడపిల్లల్లో దాదాపు అందరినీ గుమ్మం బయటే నిలబెట్టడం.

ఆ సంగతిని సెవెరీటా లారా అనే విద్యార్థిని కరపత్రంగా రాసి పంచింది. బడి ఆమెను సస్పెండ్ చేసింది.

అమెరికా బడుల్లో ఈ రాజు-రాణి ముచ్చట రెండు సందర్భాల్లో ఉంటుంది. శరదృతువులో పూర్వ విద్యార్థులు బడికి తిరిగొచ్చే పండుగ హోమ్‌కమింగ్. ఆ రోజు ఫుట్‌బాల్ ఆట విరామంలో మైదానం మధ్యన రాణికి కిరీటం పెడతారు. చదువుల చివర, వసంతంలో వచ్చేది ప్రామ్. పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలు పొడవాటి గౌన్లు, టక్సీడోలు వేసుకుని, మణికట్టుకు పూలు కట్టుకుని వెళ్లే నృత్య విందు అది. 1950ల నాటికి దేశమంతటా హైస్కూలు ఆచారంగా స్థిరపడింది. ఆ రాత్రి విద్యార్థుల ఓట్లతో గెలిచిన రాజును, రాణిని, వాళ్ల చుట్టూ నిలబడే కొలువును ప్రకటిస్తారు. ఆ కొలువునే ప్రామ్ కోర్టు అంటారు. అట్టముక్క కిరీటం కోసం ఇంత రాద్ధాంతమెందుకని మనకనిపించవచ్చు. పదిహేడేళ్ల పిల్లకు అది తన ఊరు తన గురించి బహిరంగంగా చెప్పే మాట. ఆ ఏటి స్కూలు ఆల్బంలో ఎక్కి, ముప్పై ఏళ్ల తర్వాత కూడా అల్మరాలో ఉండిపోయే మాట.

క్రిస్టల్ సిటీలో గొడవ కిరీటంతో మొదలు కాలేదు. అదే ఏడాది వసంతంలో చీర్‌లీడర్ల ఎంపిక జరిగింది. ఎంపిక చేసేది ఉపాధ్యాయులే. నలుగురు చీర్‌లీడర్లలో ముగ్గురు తెల్ల అమ్మాయిలు, ఒకరు మెక్సికన్ అమెరికన్ అన్నది ఎక్కడా రాయకుండానే అమలయ్యే లెక్క. ఆ ఏడాది రెండు ఖాళీలు వచ్చాయి. బాగా ఆడగల మెక్సికన్ అమెరికన్ అమ్మాయి ఉన్నా తీసుకోలేదు. మీవాళ్లలో ఒకరు ఇప్పటికే ఉన్నారు కదా అన్నది జవాబు. పిల్లలు సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్తే ఆయన చెరి ముగ్గురని రాజీ కుదిర్చాడు. స్కూలు బోర్డు దాన్ని కొట్టేసింది.

రిజర్వేషన్ల గురించి రోజూ వాదించుకునే మనకు ఇక్కడ ఆగి చూడాల్సింది ఒకటుంది. మన రాజ్యాంగం ఇచ్చిన రిజర్వేషన్ కనీసం ఇంతమంది ఉండాలని చెబుతుంది. క్రిస్టల్ సిటీలో ఒకరు అన్న లెక్క, అంతకు మించి ఉండకూడదని చెప్పింది. రెంటినీ కోటా అనే పిలుస్తారు. ఒకటి కాళ్ల కింద నేల, రెండోది తల మీద కప్పు. బడి ఎన్నికలకు నియమాలు రాసేవాళ్లు ముందుగా తేల్చుకోవలసింది తాము రాస్తున్నది ఏదన్నదే.

ఆ శరదృతువులో పిల్లలు డిమాండ్ల పత్రం తయారుచేశారు. ఊరి కుర్రాడే అయిన హోసే ఆంహెల్ గుటియెరెజ్ పై చదువులు చదివి అప్పటికే ఊరికి తిరిగొచ్చి ఉన్నాడు. ఆయనా, కొందరు తల్లిదండ్రులూ వెనక నిలిచారు. ఆ పత్రంలో రెండు భాషల్లో చదువు, మెక్సికన్ అమెరికన్ టీచర్లు, కౌన్సెలర్లు, బడి ఆవరణలో స్పానిష్ మాట్లాడితే శిక్షించకపోవడం లాంటి పెద్ద విషయాలన్నీ ఉన్నాయి. అయితే మొట్టమొదటి డిమాండు ఎన్నికల గురించి. బడిలో జరిగే ప్రతి ఎన్నికా విద్యార్థుల ఓటుతోనే జరగాలన్నారు. నామినేషన్లు వేసేది కూడా విద్యార్థులే కావాలన్నారు. తరగతి ప్రతినిధికి మార్కులు, వ్యక్తిత్వం, నాయకత్వ లక్షణాలంటూ పెట్టిన అర్హతలు తీసేయమన్నారు. ఎన్నికయ్యేవాడు ప్రాతినిధ్యం వహించేది విద్యార్థులకే తప్ప టీచర్లకు కాదన్నది వాళ్ల వాదన. ఫస్టు ర్యాంకు చూసి క్లాస్ లీడర్‌ని టీచరే ప్రకటించే బడుల్లో చదువుకున్న మనకు ఈ డిమాండు బరువు తెలుస్తుంది.

బోర్డు వినలేదు. 1969 డిసెంబరు 9న పిల్లలు తరగతులు వదిలి బయటికొచ్చారు. మొదట రెండు మూడు వందల మంది. రోజులు గడిచేకొద్దీ హైస్కూలు నుంచి చిన్న తరగతులకు కూడా పాకి సంఖ్య వెయ్యి దాటింది. టెక్సస్‌లో బడికి ప్రభుత్వమిచ్చే నిధులు రోజువారీ హాజరును బట్టి ఉంటాయి. ఖాళీ బెంచీల వల్ల రోజుకింతని బోర్డు నష్టపోతోంది. పిల్లల దగ్గరున్న ఆయుధం అదొక్కటే, దాన్ని వాళ్లు తెలిసే వాడారు. సెవెరీటా లారా, డయానా సెర్నా, మారియో ట్రెవీనో – ముగ్గురు విద్యార్థులు వాషింగ్టన్ వెళ్లి సెనేటర్లను కలిశారు. సమ్మె వల్ల చదువు వెనకబడకూడదని సెలవుల్లో బయటి ఊళ్ల నుంచి ఉపాధ్యాయులు స్వచ్ఛందంగా వచ్చి పాఠాలు చెప్పారు. కేంద్ర న్యాయశాఖ మధ్యవర్తుల్ని పంపింది. 1970 జనవరి మొదటి వారంలో బోర్డు చాలా డిమాండ్లకు తలొగ్గింది.

అక్కడితో ఆగలేదు. అదే జనవరిలో క్రిస్టల్ సిటీలో లా రాసా ఉనీదా అనే కొత్త రాజకీయ పార్టీ పుట్టింది. ఏప్రిల్ ఎన్నికల్లో స్కూలు బోర్డును, నగర పాలక మండలిని గెలుచుకుంది. పిల్లల మాట తోసిపుచ్చిన బోర్డుకే గుటియెరెజ్ అధ్యక్షుడయ్యాడు. కరపత్రం పంచి సస్పెండైన సెవెరీటా లారా తర్వాతి కాలంలో ఆ ఊరికి మేయరైంది. దేశ చరిత్రలు రాసేవాళ్లు ఈ పార్టీ పుట్టుకను రాజకీయాల అధ్యాయంలో పెడతారు. నాకు మాత్రం అది బడి ఎన్నికల అధ్యాయంలోనే మొదట కనబడాలనిపిస్తుంది. ఓటు ఎవరిది, నామినేషన్ ఎవరిదన్న ప్రశ్నలు ఆ పిల్లలు ముందు అడిగింది చీర్‌లీడర్ల గురించి, రాణి గురించే కదా.

దక్షిణాది రాష్ట్రాల్లో అప్పుడు ఇంకో కథ నడుస్తోంది. నల్ల, తెల్ల పిల్లలకు వేరు బడులు చెల్లవని సుప్రీంకోర్టు 1954లో చెప్పింది. మిసిసిపీ లాంటి చోట్ల అది నిజంగా అమలైంది 1969 అక్టోబరులో, ఇక ఒక్కరోజు కూడా ఆలస్యం కుదరదని కోర్టు మరో తీర్పు ఇచ్చాకే. తరగతి గదులు కలిశాయి. నాట్యశాల దగ్గర మాత్రం చాలా బడులు చేతులెత్తేశాయి. ప్రామ్ బడి కార్యక్రమం కాదంటూ తప్పుకున్నాయి. తల్లిదండ్రులు సొంత డబ్బుతో తెల్లపిల్లల ప్రామ్ ఒకటి, నల్లపిల్లల ప్రామ్ ఇంకొకటి జరపసాగారు. ప్రైవేటు విందుకు ఎవరిని పిలవాలో చెప్పే చట్టం లేదు.

అలాగని మార్పు అసలే రాలేదని కాదు. 1973 నవంబరులో అలబామా విశ్వవిద్యాలయం విద్యార్థులు ఒక నల్లజాతి యువతిని హోమ్‌కమింగ్ రాణిగా ఎన్నుకున్నారు. ఆమెకు కిరీటం పెట్టింది గవర్నర్ జార్జ్ వాలెస్. పదేళ్ల కిందట, 1963 జూన్‌లో, నల్లజాతి విద్యార్థులు అడుగుపెట్టకుండా అదే విశ్వవిద్యాలయం తలుపు దగ్గర అడ్డంగా నిలబడ్డ మనిషి ఆయనే. ఓటుపెట్టెకు ఎంత బలముందో చెప్పడానికి ఇంతకన్నా మంచి దృశ్యం నాకు తెలియదు.

ఆ బలానికి హద్దెక్కడుందో జార్జియాలోని విల్కాక్స్ కౌంటీ చూపించింది. అక్కడి హైస్కూల్లో నల్ల రాణి, తెల్ల రాణి అని ఇద్దరిద్దర్ని ఎన్నుకునే ఆచారం ఉండేది. 2012-13 విద్యా సంవత్సరంలో తొలిసారి ఒక్క రాజు, ఒక్క రాణి చాలన్నారు. ఓట్లు లెక్కిస్తే నల్లజాతి అమ్మాయి గెలిచింది. ఎన్నిక సక్రమంగానే జరిగింది. కానీ తెల్లపిల్లల హోమ్‌కమింగ్ నృత్యానికి బడి రాణికి పిలుపు రాలేదు. అందరూ కలిసి ఎన్నుకున్న రాణి, తెల్లపిల్లలు ఆడే చోటికి వెళ్లలేకపోయింది. చూస్తూ ఊరుకోలేక నలుగురు స్నేహితురాళ్లు, ఇద్దరు నల్ల, ఇద్దరు తెల్ల అమ్మాయిలు, భోజనం పొట్లాలు అమ్మి, విరాళాలు పోగుచేసి 2013 ఏప్రిల్‌లో పక్క ఊరు కార్డీల్‌లో అందరికీ కలిపి ఒక ప్రామ్ పెట్టారు. అంతకు అయిదేళ్ల ముందు మిసిసిపీలోని చార్ల్‌స్టన్ హైస్కూల్లోనూ ఇలాంటిదే జరిగింది. ఆ ఊరివాడైన నటుడు మోర్గన్ ఫ్రీమన్, కలిపి ప్రామ్ చేస్తే ఖర్చంతా తానే భరిస్తానని 1997లో మాటిచ్చాడు. ఆ మాట 2008లో గానీ చెల్లలేదు.

జాతి లెక్కలు ఎంతకాలం బతికున్నాయో తెలియాలంటే మిసిసిపీలోని నెటిల్‌టన్ మిడిల్ స్కూలు 2010లో ఇచ్చిన నోటీసు చూడాలి. విద్యార్థి సంఘం పదవుల్లో ఏది తెల్లపిల్లలకో, ఏది నల్లపిల్లలకో పట్టిక వేసి ఇంటికి పంపారు. అధ్యక్ష పదవి ఏ తరగతిలో చూసినా తెల్లపిల్లలదే. ఒక తల్లి దాన్ని బయటపెట్టడంతో దేశమంతా చర్చ లేచి, కొన్ని రోజుల్లోనే రద్దు చేశారు. మైనారిటీలకు చోటుండాలనే ఈ పద్ధతి వచ్చి ఉంటుందని బడి అధికారులు చెప్పుకున్నారు. అది నిజమే కావచ్చు కూడా. నేల వేద్దామని మొదలుపెట్టి ఎవరూ తిరిగి చూసుకోకపోతే అది కప్పుగా మారిపోతుంది. ఆ పట్టికలో జరిగిందదే.

ఇక రాజు అంటే అబ్బాయి, రాణి అంటే అమ్మాయి అన్న గీత. 2007లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో హైస్కూల్లో అబ్బాయిలా జీవించే ఒక విద్యార్థి రాజు పదవికి నిలబడతానంది. వివక్షను నిషేధించే రాష్ట్ర చట్టాన్ని దృష్టిలో పెట్టుకుని బడి ఒప్పుకుంది. ఆమె ఓడిపోయింది. ఓడిపోయినా అది మంచి ఎన్నికేనంటాను, ఎందుకంటే ఓటర్లు ఓడించారు, రూలు కాదు. మిషిగన్‌లోని మోనా షోర్స్ హైస్కూల్లో 2010లో దీనికి పూర్తి విరుద్ధంగా జరిగింది. ట్రాన్స్‌జెండర్ కుర్రాడికి హోమ్‌కమింగ్ రాజుగా పిల్లలు ఓట్లేశారు. బడి రికార్డుల్లో అమ్మాయని ఉందంటూ అధికారులు ఆ ఓట్లు చెల్లవన్నారు. విమర్శలు వెల్లువెత్తాక మరుసటి ఏడాది ఆ బడి ప్రామ్ కోర్టుకు ఆడ-మగ విభజనే తీసేసింది. ఆ తర్వాత చాలా బడులు ఆ దారి పట్టాయి. రాజు, రాణి మాటలు వదిలి, ఎక్కువ ఓట్లు వచ్చిన ఇద్దరు ఎవరైనా సరే వాళ్లకే కిరీటం పెడుతున్నాయి. 2021లో ఒహాయోలోని కింగ్స్ హైస్కూల్లో ఇద్దరు అమ్మాయిల జంట రాజు, రాణిగా గెలిచింది. స్కూలు బోర్డు సమావేశంలో కొందరు పెద్దలు అభ్యంతరం చెప్పారు. పిల్లలు వేసిన ఓటు మాత్రం అలాగే నిలిచింది.

ఓటును దయకే కాదు, క్రూరత్వానికీ వాడుకోవచ్చు. స్టీఫెన్ కింగ్ 1974లో రాసిన క్యారీ నవల, దాని మీద వచ్చిన 1976 సినిమా ఒంటరి పిల్లను ప్రామ్ రాణిని చేసి అందరిముందు అవమానించే కుట్ర చుట్టూ తిరుగుతాయి. అలాంటిది నిజంగానే జరిగింది, 2012లో మిషిగన్‌లోని వెస్ట్ బ్రాంచ్ అనే చిన్న ఊళ్లో. ఎవరితో పెద్దగా కలవని ఒక అమ్మాయిని ఎగతాళి కోసం తోటివాళ్లు హోమ్‌కమింగ్ కోర్టుకు ఎన్నుకున్నారు. ఆమెకు జోడీగా ఎన్నికైన అబ్బాయి తప్పుకున్నాడు. విషయం తెలిసి ఊరు కదిలింది. గౌను, జుట్టు ముస్తాబు, విందు అంతా దుకాణదారులే ఉచితంగా ఇస్తామన్నారు. ఆట రోజున ఆమె పక్షాన స్టేడియం నిండింది. ఆ ఊరి మంచితనానికి చేతులెత్తి దండం పెట్టాలి. అయినా ఒక మాట అడగాలి. ఆ అమ్మాయి పేరు బ్యాలెట్ మీదికి ఎక్కేముందు నీకిష్టమేనా అని ఎవరైనా అడిగి, సంతకం తీసుకుని ఉంటే? ఒక్క చిన్న సమ్మతి పత్రం చేసే పనిని ఊరంతా కలిసి చేయాల్సి వచ్చింది. మానసిక ఎదుగుదల లోపమున్న పిల్లలను గెలిపించే బడుల గురించి పత్రికల్లో తరచూ చదువుతుంటాం. అక్కడ కూడా ఆ బిడ్డ తానుగా కోరుకుని నిలబడిందా, చుట్టూ ఉన్నవాళ్లు తమ మంచితనానికి గుర్తుగా నిలబెట్టారా అన్నది నాకు ముఖ్యం.

లెక్కింపు గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే అందరి కళ్లూ ఎప్పుడూ దానిమీదే ఉంటాయి. ఫ్లారిడాలోని పెన్సకోలా దగ్గర ఒక హైస్కూల్లో 2020లో ఆన్‌లైన్‌లో హోమ్‌కమింగ్ ఓటింగ్ జరిగింది. కొద్ది వ్యవధిలో ఒకే ఇంటర్నెట్ చిరునామా నుంచి 117 ఓట్లు పడ్డాయని ఓటింగ్ సాఫ్ట్‌వేర్ పట్టేసింది. పోటీలో ఉన్న అమ్మాయిని, అదే జిల్లాలో ప్రాథమిక పాఠశాల అసిస్టెంట్ ప్రిన్సిపాల్‌గా ఉన్న తల్లిని 2021 మార్చిలో అరెస్టు చేశారు. తల్లికి ఉద్యోగరీత్యా ఉన్న లాగిన్‌తో విద్యార్థుల రికార్డుల్లోకి వెళ్లి ఓట్లేశారన్నది దర్యాప్తు సంస్థ ఆరోపణ. అప్పుడు దేశదేశాల పత్రికలు దీన్ని వింత వార్తగా రాశాయి. నాకిందులో వింతేమీ కనబడలేదు. ఓటరు గుర్తింపు, ఓటు రహస్యం రెండూ ఒకే సిబ్బంది చేతిలో ఉంటే పెద్ద ఎన్నికల్లో ఏం జరగొచ్చో ఇక్కడా అదే జరగొచ్చు. ఓటరు జాబితా ఒకరి దగ్గర, బ్యాలెట్లు ఇంకొకరి దగ్గర ఉండాలి. పోటీదారుల బంధువులెవరూ దరిదాపుల్లో ఉండకూడదు.

ఇంకా పెద్ద చిక్కు ఓటు పద్ధతిలోనే ఉంది. పదిమంది నిలబడి 300 ఓట్లు చీలితే 45 ఓట్లతోనే ఒకరు గెలిచిపోవచ్చు. మిగతా 255 మందికి ఆ గెలుపు నచ్చకపోయినా సరే. జట్టుగా తిరిగే ఒక గుంపు చాలు, కిరీటం వాళ్లదే. నచ్చిన వాళ్లందరికీ టిక్కు పెట్టే పద్ధతి గానీ, ఒకటి, రెండు, మూడు అని వరస రాసే పద్ధతి గానీ పెడితే అన్ని గుంపుల్లోనూ కొంత ఆదరణ ఉన్నవాళ్లు పైకొస్తారు. ఇంకో అలవాటుంది, వినడానికి దానధర్మంలా ఉంటుంది. ప్రతి అభ్యర్థి పేరుతో ఒక డబ్బా పెట్టి, అందులో పడ్డ చిల్లర పైసలే ఓట్లని లెక్కిస్తారు. వచ్చిన సొమ్ము ఏదో మంచి పనికే పోతుంది, నిజమే. కానీ డబ్బున్న ఇంటి బిడ్డకు ఎక్కువ ఓట్లుంటాయని బడే పిల్లలకు నేర్పకూడదు. విరాళాల డబ్బా వేరుగా పెట్టుకోవచ్చు.

డబ్బు ఇంకో దారిలోనూ వస్తుంది. వీసా సంస్థ 2015 సర్వే ప్రకారం ఒక అమెరికన్ కుటుంబం ప్రామ్ కోసం పెట్టే సగటు ఖర్చు 919 డాలర్లు. టికెట్టు కొన్నవాళ్లకే నామినేషన్, టికెట్టు కొన్నవాళ్లకే ఓటు అని బడి ఎక్కడైనా పెడితే అది క్రిస్టల్ సిటీ నిబంధనకు చెల్లెలే. పేదరికం అన్న మాట అందులో ఉండదు. అయినా తలుపు మాత్రం పేదవాడి ముందే మూసుకుంటుంది.

అమెరికాలోని ఫ్రిస్కోలో, ఎడిసన్‌లో, ఫ్రీమాంట్‌లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల ఇళ్లలో కూడా ఇప్పుడు వసంతం వచ్చిందంటే ప్రామ్ మాటలే. గౌను ఎంత, ఎవరితో వెళ్తున్నావు, రాత్రి ఎన్నింటికి వస్తావు – తల్లిదండ్రుల ప్రశ్నలు అక్కడ ఆగిపోతుంటాయి. ఆ ప్రశ్నలు అడగాల్సినవే. వాటితోపాటు పేరెంట్స్ సమావేశంలో నామినేషన్ ఫారం ఒకసారి చూపించమని కూడా అడగండి. అందులో ఏయే అర్హతలు రాశారో చదవండి. హాజరు ఇంత శాతం అంటే చెల్లెళ్లను చూసుకుంటూ బడి మానే పిల్ల సంగతేమిటో, టీచర్ సిఫారసు కావాలంటే కొత్తగా దేశానికొచ్చి ఇంగ్లీషు తడబడే కుర్రాడికి ఆ సిఫారసు ఎవరిస్తారో కనుక్కోండి. ఫారం అచ్చయ్యాక ఆ ప్రశ్నలకు విలువ తగ్గుతుంది. చాలా బడుల్లో ఆ ఫారం తయారుచేసేది విద్యార్థి సంఘం, దానికి సలహాదారుగా ఉన్న ఒక్క టీచరు. వాళ్ల సమావేశానికి రావచ్చా అని అడిగి చూడండి.